ఓడిపోవాలన్నా మ్యాచ్‌లు ఉండాలి కదా!

మన కాలేజీ మెన్స్ బాస్కెట్‌బాల్ టీం ఈ ఏడాది సీజన్ ఎంతసేపు జరిగిందో తెలుసా? సరిగ్గా 40 నిమిషాలు. పదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. అందులో నేను కోర్టులో ఉన్నది ఆరు నిమిషాలు. మిగతా 34 నిమిషాలు తువ్వాలు భుజాన వేసుకుని బెంచీ మీద కూర్చున్నా. నీకేం అర్హత ఉందని ఈ వ్యాసం రాస్తున్నావ్ అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా: బెంచీ మీద నుంచి ఆట బాగా కనిపిస్తుంది.

ఆ 40 నిమిషాల కోసం ఆగస్టు నుంచి నవంబరు దాకా ప్రాక్టీస్ చేశాం. పొద్దున ఐదున్నరకు కోర్టులో ఉండాలి. వాన పడితే కోర్టు మధ్యలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి, ఆ రోజు వార్మప్ అంటే వైపర్లతో నీళ్లు తోయడమే. రెండు రింగుల్లో ఒకదానికే నెట్ ఉంది. నెట్ లేని రింగులో బాల్ పడిందో, పక్క నుంచి పోయిందో తెలియక మాలో మేం కొట్టుకున్న రోజులు ఉన్నాయి. ఏడున్నరకు ఆపి, స్నానం చేసి, మెస్‌లో ఉగ్గాని బజ్జి ఉన్న రోజైతే నాలుగు ముద్దలు ఎక్కువ తిని, ఫస్ట్ అవర్‌లో కూర్చుని నిద్రపోవడం. ఇదీ మూడు నెలల కథ.

ఇంటర్ కాలేజియేట్ టోర్నీ నాకౌట్. మొదటి రౌండ్‌లో 55-51తో ఓడిపోయాం. నాలుగు పాయింట్లు. మధ్యాహ్నం పన్నెండుకల్లా షూస్ విప్పేశాం. సాయంత్రం కాలేజీ బస్సులో తిరిగి వస్తుంటే ఎవడూ మాట్లాడలేదు. మా సెంటర్ ఆలూరు నుంచి వచ్చినవాడు, ఫైనల్ ఇయర్. వాడికి ఆ రోజుతో కాలేజీ బాస్కెట్‌బాల్ అయిపోయింది. కిటికీకి తల ఆనించి పడుకున్నట్టు నటించాడు. నిద్రపోలేదని అందరికీ తెలుసు.

రాత్రి ఇంటికి ఫోన్ చేశా. మా నాయిన ఎత్తినాడు.

"ఏమిరా, గెలిస్తిరా?"

"లేదు నాయినా. ఓడిపోతిమి."

"పోనీలే. మళ్ల ఆట ఎప్పుడు?"

"మళ్ల లేదు. ఇంగ వచ్చే సంవత్సరమే."

"అదేందిరా! మూన్నెల్ల నుంచి సీజన్ సీజన్ అంటివి, ఒగ దినానికే అయిపాయనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఇది రాస్తున్నా.

మాది తుగ్గలి మండలం. గుంతకల్లు నుంచి డోన్ పోయే రైలు మార్గంలో వస్తుంది. మా దిక్కు సీజన్ అనే మాటకు చాలా అర్థాలు ఉన్నాయి. తొలకరి పడగానే వజ్రాల సీజన్. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు తలలు దించుకుని ఎర్రమట్టిలో నడుస్తుంటారు. తర్వాత శెనక్కాయ సీజన్. ఆ తర్వాత పత్తికొండ మార్కెట్లో టమాటా సీజన్, ధర ఉంటే పండగ, లేకపోతే రోడ్డు మీద పారబోత. ఇంకా పడమరకు, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు పోతే సుగ్గి అంటారు. ఊళ్లలో పని లేక కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయే కాలం అది. వీటిలో ఏదీ ఒక్క రోజులో అయిపోదు. మా నాయిన ఆశ్చర్యపోవడంలో తప్పేముంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మనం ఓడిపోయినందుకు నాకు బాధ ఉంది గానీ కోపం లేదు. అవతలి టీం మనకన్నా బాగా ఆడింది. నా కోపమంతా నాకౌట్ అనే పద్ధతి మీద. కాలేజీ స్థాయి ఆటకు అంతకన్నా పనికిరాని పద్ధతి లేదని నా అభిప్రాయం. మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా, లెక్క వేసే చూద్దాం.

16 టీంలు వచ్చాయనుకోండి. నాకౌట్‌లో ప్రతి మ్యాచ్‌కూ ఒక టీం ఇంటికి పోతుంది. చివరికి ఒక్కటి మిగలాలంటే 15 టీంలు పోవాలి, అంటే 15 మ్యాచ్‌లు. ఆ 16లో 8 టీంలు ఒక్క మ్యాచ్ ఆడి వెళ్లిపోతాయి. ఇంకో 4 టీంలకు రెండు మ్యాచ్‌లు. అంటే 16లో 12 టీంల సీజన్ రెండు మ్యాచ్‌ల లోపే ముగుస్తుంది. బాగా ఆడేవాళ్లకు ఎక్కువ ఆట, ఆట నేర్చుకోవాల్సినవాళ్లకు తక్కువ ఆట. క్లాసులో మొదటి స్లిప్ టెస్ట్‌లో తప్పినవాడిని సెమిస్టర్ అంతా ఇంట్లో కూర్చోమంటే ఎలా ఉంటుంది? అదీ ఇదీ ఒకటే.

ఇప్పుడు ఇదే 15 మ్యాచ్‌లను ఇంకో రకంగా చూడండి. ఆరు కాలేజీలు కలిసి లీగ్ పెట్టుకుంటే, ప్రతి టీం మిగతా ఐదింటితో ఒక్కోసారి ఆడితే, మొత్తం మ్యాచ్‌లు ఎన్ని? అవీ 15 మాత్రమే! కానీ ఇక్కడ ప్రతి టీంకూ ఐదు మ్యాచ్‌లు. మొదటిది ఓడిపోతే రెండోదానికి ముందు వారం రోజుల టైం ఉంటుంది. ఎక్కడ తప్పు చేశామో మాట్లాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఈ లెక్క పర్మ్యుటేషన్స్ అండ్ కాంబినేషన్స్ చాప్టర్‌లో ఇంటర్‌లోనే చేశాం. అప్పుడు ఎంసెట్‌కు తప్ప దేనికీ పనికిరాదనుకున్నా.

దిద్దుకోవడం అన్నాను కాబట్టి ఒక విషయం. మనం ఓడిన మ్యాచ్ స్కోర్‌షీట్ నా దగ్గర ఉంది. ఫ్రీ త్రోలు 22 వస్తే 9 వేశాం. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిన మ్యాచ్‌లో 13 ఫ్రీ త్రోలు పోగొట్టుకున్నాం! ఎవరూ అడ్డు రాని షాట్ అది. ప్రాక్టీస్‌లో ఇదే టీం పదికి ఏడు వేస్తుంది. మరి మ్యాచ్‌లో ఏమైంది? భయమా? కాళ్లు అలిసిపోయాయా? రింగ్ కొత్తదా? ఒక్క మ్యాచ్ చూసి ఎలా చెప్పగలం? ల్యాబ్‌లో ఒకే ఒక్క రీడింగ్ తీసుకుని గ్రాఫ్ గీస్తే రికార్డ్ మొహాన కొడతారు. మన టీం గురించి మనకు ఉన్నది ఆ ఒక్క రీడింగే.

ఇక్కడ మనలాంటి కాలేజీ ఒకదాని కథ చెప్పాలి. అమెరికాలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అందరూ కాల్‌టెక్ అంటారు. నోబెల్ బహుమతులకు పేరున్న చోటు. వాళ్ల మెన్స్ బాస్కెట్‌బాల్ టీం వేరే దానికి పేరు పొందింది: ఓటములకు. దక్షిణ కాలిఫోర్నియాలో దగ్గర దగ్గర ఉన్న చిన్న కాలేజీలు కలిసి నడుపుకునే ఒక లీగ్‌లో వాళ్లు ఆడతారు. 1985లో అందులో ఒక మ్యాచ్ గెలిచారు. తర్వాతి గెలుపు 2011 ఫిబ్రవరి 22న. మధ్యలో వరుసగా 310 లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయారు. 310!

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు అందరిలాగే నేనూ నవ్వా. మన మ్యాచ్ అయ్యాక ఇంకోసారి చదివా. ఈసారి నవ్వు రాలేదు, కుళ్లు పుట్టింది. 26 ఏళ్లలో 310 అంటే ఏడాదికి దాదాపు 12 మ్యాచ్‌లు, అదీ ఒక్క లీగ్‌లోనే. ఓడినా ఓడినా వచ్చే వారం ఇంకో మ్యాచ్ వాళ్ల కోసం రెడీగా ఉంది. మొదటి రౌండ్‌లో పోయే మనలాంటి టీం 310 మ్యాచ్‌లు ఓడాలంటే 310 ఏళ్లు పడుతుంది. ఇవాళ్టికి ఆ లెక్క పూర్తి కావాలంటే, ఔరంగజేబు పోయి పదేళ్లు కూడా నిండని కాలంలో మన టీం ప్రాక్టీస్ మొదలుపెట్టి ఉండాలి. కాల్‌టెక్ వాళ్లు ఆటలో మనకన్నా గొప్పవాళ్లు కాకపోవచ్చు. కానీ ఓడిపోయే అవకాశం వాళ్లకు ఉంది. మనకు అది కూడా లేదు.

ఆ 2011 మ్యాచ్ ఎలా గెలిచారో తెలుసా? ఆక్సిడెంటల్ కాలేజీ మీద, 46-45తో. ఆట 3.3 సెకన్లలో ముగుస్తుందనగా ర్యాన్ ఎల్మ్‌క్విస్ట్ అనే ఫైనల్ ఇయర్ కుర్రాడు వేసిన ఒక్క ఫ్రీ త్రోతో. మనం 13 పోగొట్టుకున్నామే, అదే ఫ్రీ త్రో. కాలేజీలో ఉన్నన్నాళ్లూ నిజమైన మ్యాచ్‌లలో, నిజమైన అలసటలో ఆ గీత దగ్గర నిలబడ్డవాడు వాడు. మా ఆలూరు సెంటర్ ఈ ఏడాది మ్యాచ్‌లో ఆ గీత దగ్గర నిలబడింది ఒక్క పూటే. పోలిక సరైనదేనా అని నన్ను అడగకండి, నాకు మావాడి మీద పక్షపాతం ఉంది.

అదే లీగ్‌లో ఇంకో సంగతి. 1979-80లో పొమోనా-పిట్జర్ అనే కాలేజీ టీంకు ఒక కొత్త కోచ్ వచ్చాడు. ఆ సీజన్‌లో వాళ్లు 2 గెలిచి 22 ఓడారు. కాల్‌టెక్ చేతిలో కూడా ఓడిపోయారు, అంతకన్నా అవమానం ఆ లీగ్‌లో లేదు. ఆ కోచ్ పేరు గ్రెగ్ పొపోవిచ్. తర్వాత శాన్ ఆంటోనియో స్పర్స్‌కు ఐదు ఎన్‌బీఏ టైటిళ్లు తెచ్చిపెట్టినవాడు. ఆ తొలి ఏడు నాకౌట్ పెట్టి ఒక్క మ్యాచ్‌కే ఇంటికి పంపి ఉంటే ఆయన ఏం నేర్చుకునేవాడో! అంతెందుకు, 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ సంగతే చూడండి. తర్వాత కాన్సాస్ యూనివర్సిటీకి కోచ్‌గా 55 గెలిచి 60 ఓడాడు. ఆట పుట్టించినవాడికే గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ.

"అమెరికాలో కూడా నాకౌట్ ఉంది కదరా, మార్చ్ మ్యాడ్‌నెస్ నాకౌటే కదా" అని మా రూమ్మేట్ అన్నాడు. నిజమే, 68 టీంల నాకౌట్. 2018లో యూఎంబీసీ అనే కాలేజీ, అంతవరకూ చదరంగం టీంకే పేరున్నది, టాప్ సీడ్ వర్జీనియాను 74-54తో మట్టి కరిపించింది కూడా. కానీ ఆ నాకౌట్ మార్చిలో వస్తుంది. నవంబరు నుంచి ఒక్కో టీం దాదాపు ముప్ఫై మ్యాచ్‌లు ఆడాక వస్తుంది. వాళ్లకు నాకౌట్ అనేది భోజనం చివర పెట్టే స్వీటు. మనకు ఆకు వేసి, స్వీటు చూపించి, ఆకు ఎత్తేస్తున్నారు.

ఇంకో నష్టం కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ ఇంటర్ కాలేజియేట్ టోర్నీ చూసే సెలెక్టర్లు యూనివర్సిటీ టీంను ఎంచుతారు. ఆ టీం సౌత్ జోన్‌కు పోతుంది. అంటే మొదటి రౌండ్‌లో పోయిన టీంలో ఎంత మంచి ఆటగాడున్నా, వాడు కనిపించేది 40 నిమిషాలే. ఇది అచ్చం మా ఊరి వజ్రాల వేట. వాన పడి మట్టి కొట్టుకుపోయి, ఎండ సరైన వాలులో పడి, సరిగ్గా ఆ క్షణంలో ఎవడి కన్నో దాని మీద పడాలి. పడితే పేపర్లో వస్తుంది. పడకపోతే మళ్లీ దున్నేస్తారు. దొరికిన వజ్రం గురించి ఊరంతా చెప్పుకుంటుంది. కాళ్ల కింద నుంచి పోయినవాటి లెక్క ఎవడి దగ్గరా లేదు.

అసలు మా ప్రాంతం నుంచి బాస్కెట్‌బాల్ ఆడేవాడు రావడమే కష్టం. వాలీబాల్‌కు రెండు గుంజలు పాతి నెట్ కడితే చాలు, మా ఊరి స్కూల్ గ్రౌండ్‌లో సాయంత్రం అయితే చాలు ఆట మొదలవుతుంది. కబడ్డీకి అదీ అక్కర్లేదు. బాస్కెట్‌బాల్‌కు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గట్టి నేల కావాలి, 3.05 మీటర్ల ఎత్తున రింగ్ కావాలి. మట్టిలో బాల్ ఎగరదు. కాబట్టి నాలాంటివాళ్లకు మొదటి రింగ్ ఇంజనీరింగ్ కాలేజీలోనే కనిపిస్తుంది. నేను ఫస్ట్ ఇయర్‌లో చేరిన రోజు ఆ రింగ్ కింద హాస్టల్ వాళ్ల బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక సీనియర్ అన్న బాల్ చేతికిచ్చి, "వెయ్ తమ్మీ" అన్నాడు. బోర్డుకు కూడా తగల్లేదు. 18 ఏళ్లకు ఆట మొదలుపెట్టినవాడికి నాలుగేళ్లలో నాలుగు మ్యాచ్‌లు ఇస్తే వాడు ఏం ఆడతాడు? చిన్నప్పటి నుంచి సిటీ క్లబ్బుల్లో ఆడినవాళ్లున్న టీంలే ప్రతి ఏడూ సెమీస్‌కు పోవడంలో వింత ఏముంది?

ఇక అభ్యంతరాలు. మా పీడీ సార్ దగ్గర ఇదంతా చెప్పినప్పుడు ఆయన కొట్టిపారేయలేదు, అది ఆయన మంచితనం. రెండు ప్రశ్నలు వేశారు. ఒకటి అటెండెన్స్. 75 శాతం గొడవ మనందరికీ తెలిసిందే, 65 దాకా కండోనేషన్ కట్టి బయటపడొచ్చు గానీ అది ఇంట్లో చెప్పుకునే సంగతి కాదు. దీనికి నా జవాబు: ఇప్పుడున్న టోర్నీకే ఎక్కువ క్లాసులు పోతున్నాయి. రెండు రోజుల ఓడీ తీసుకుని 40 నిమిషాలు ఆడి వచ్చాం. ఆదివారాల లీగ్ అయితే ఒక్క క్లాసు కూడా పోదు. సెమిస్టర్‌లో రెండు మిడ్స్ మధ్య ఉన్న ఆదివారాల్లో ఐదు చాలు.

రెండోది బస్సు ఖర్చు. ఇది నిజమైన అడ్డంకి, నేను కాదనను. ఐదు మ్యాచ్‌లలో రెండు మూడు మన కోర్టులోనే ఉంటాయి, మిగతావాటికి మాత్రమే ప్రయాణం. 12 మంది ఆటగాళ్లకు కాలేజీ బస్సు ఎందుకు, ఆర్టీసీ బస్సులో పోతాం. ఎమ్మిగనూరు నుంచి వచ్చే మా పాయింట్ గార్డ్ ప్రతి శనివారం ఇంటికి అలాగే పోతాడు, ఒక్కోసారి ఫుట్‌బోర్డు మీద. రెఫరీల ఖర్చు ఉంటుంది, టేబుల్ దగ్గర స్కోర్, క్లాక్ చూసేవాళ్లు కావాలి. క్లాక్ మన ఈసీఈ వాళ్లు చేస్తారు. 24 సెకన్ల షాట్ క్లాక్ కంటే మంచి మినీ ప్రాజెక్ట్ ఏముంది చెప్పండి! ప్రతి ఏడూ అదే లైన్ ఫాలోయర్ రోబో చూసి చూసి మన హెచ్‌ఓడీలకు కూడా విసుగొచ్చి ఉంటుంది.

సార్ అడగని మూడో ప్రశ్న ఒకటి ఉంది, నేనే వేసుకుంటున్నా. ఐదు మ్యాచ్‌లూ ఓడిపోతే? ఓడిపోవచ్చు. మొదటి ఏడాది బహుశా ఓడిపోతాం కూడా. క్యాంపస్‌లో మీమ్స్ వస్తాయి. వచ్చినా పర్వాలేదని మా టీంలో అందరూ అనుకోవడం లేదు, అది కూడా చెప్పాలి. మా కెప్టెన్‌కే ఇది పెద్దగా ఇష్టం లేదు. "ఒక్క మ్యాచ్ ఓడితే బ్యాడ్ లక్ అనొచ్చు మామా, ఐదు ఓడితే ఏమనాలి?" అన్నాడు. నిజాయితీగా అన్న మాట. నాకౌట్ మనకు ఒక సాకు ఇస్తోంది, ఆ సాకు మనకు అలవాటైపోయింది. "డ్రా బాగా పడలేదు" అని మూడేళ్లుగా నేనూ అంటున్నా.

అమ్మాయిల టీం సంగతి చెప్పకుండా ఊరుకుంటే అన్యాయం. వాళ్లకు ఈ ఏడాది ఆ 40 నిమిషాలు కూడా లేవు. రెగ్యులర్‌గా ప్రాక్టీస్‌కు వచ్చేది నలుగురే, ఎంట్రీ పంపడానికి సరిపోలేదు. నలుగురితో ఆడే ఆట ఒకటి ఉంది కదా: త్రీ ఆన్ త్రీ. ముగ్గురు కోర్టులో, ఒకరు బెంచీ మీద, సగం కోర్టు, ఒక్కటే రింగ్, పది నిమిషాల ఆట, అంతకు ముందే ఎవరు 21 పాయింట్లు చేస్తే వాళ్లు గెలిచినట్టు. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో కూడా ఉంది. మనకు నెట్ ఉన్న రింగ్ ఎలాగూ ఒక్కటే. లీగ్‌కు మిగతా కాలేజీలు ఒప్పుకునేలోగా బ్రాంచీల మధ్య ఇది మొదలుపెట్టడానికి ఎవరి పర్మిషన్ అవసరం? వైపర్లు రెండు ఎక్కువ ఉంటే చాలు.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా నాయినకు చెప్పా. కాల్‌టెక్ కథ కూడా చెప్పా. ఆయన చేను గట్టు మీద కూర్చుని విన్నాడు. మాది మెట్ట. శెనక్కాయ వేసినప్పుడు మధ్య మధ్యన కంది సాళ్లు వేస్తాం. వాన మొహం చాటేసి శెనక్కాయ పోయినా, కంది ఇంకొన్నాళ్లు నిలబడి ఎంతో కొంత ఇస్తుంది. ఆ చేను వైపే చూస్తూ, "అయితే మీ సార్లు కంది సాళ్లు వెయ్యకుండనే విత్తనం ఏసినారు" అన్నాడు. తర్వాత, "మున్నూటపది సార్లా! వాళ్ల నాయినలు ఏమనలేదా?" అని అడిగాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

లీగ్ కోసం ఒక లెటర్ రాశాం. చుట్టుపక్కల ఐదు కాలేజీల పీడీలకు పంపాలి, దాని మీద మన ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి, అంతకు ముందు విద్యార్థుల సంతకాలు కావాలని పీడీ సార్ అన్నారు. ఆట రానివాళ్లు కూడా పెట్టొచ్చు. ఈ వారమంతా సాయంత్రం ఐదున్నర నుంచి కోర్టు దగ్గర, నెట్ ఉన్న రింగ్ వైపు, కాగితాలు పట్టుకుని ఉంటాం. పెన్ను మీరే తెచ్చుకోండి, మా దగ్గర ఉన్నది ఒక్కటే, అది కూడా మా కెప్టెన్ జేబులో ఉంది, వాడు ఇంకా సంతకం పెట్టలేదు.